హాలుకి పెద్దయిన గ్రేసమ్మ

పామర్‌స్టన్ నార్త్ అనే పట్నం నుంచి గంటసేపు డ్రైవ్ చేస్తే రాటాడేల్ వస్తుంది. ఊరంటే ఓ చిల్లర కొట్టు, ఓ బడి, మధ్యలో పాత చెక్క హాలు, చుట్టూ ఆవుల ఫారాలు. తెనాలి పిల్ల గ్రేసమ్మ 2004లో భర్త ఎలియాస్‌తో దేశం దాటొచ్చి అక్కడ సెటిల్ అయింది. అతనికి ఫారంలో పాలు పితికే పని, ఆమెకి వృద్ధుల హోంలో కేర్‌గివర్ ఉద్యోగం. నోరారా మాట్లాడితే తప్ప తోచని మనిషి. అక్కడేమో మనుషుల కంటే ఆవులే ఎక్కువ. అందుకే హాల్లో మీటింగంటే చాలు, దేనిగురించో కూడా అడక్కుండా కేకు పట్టుకుని వెళ్లిపోయేది.

హాలు ఆ ప్రాంతపు కౌన్సిల్‌దే అయినా, నడిపేది ఊరి కమిటీ. 2006లో ఆ కమిటీ పెద్ద ట్రెవర్ మోకాళ్ల నొప్పులతో తప్పుకున్నాడు. కౌన్సిల్ ఆఫీసరు డెబ్రా వచ్చి మీటింగు పెట్టింది.

"కొత్త చైర్‌పర్సన్ దొరక్కపోతే హాలు మూసేయాల్సిందే. ఎవరైనా ముందుకొస్తారా?"

గుమ్మంలో రబ్బరు గంబూట్లు విడిచొచ్చిన రైతులంతా తలలు దించుకుని తమ మేజోళ్లు చూసుకున్నారు.

టీ పెట్టనా అని అడుగుదామని గ్రేసమ్మ చెయ్యెత్తింది. చప్పట్లు మోగిపోయాయి. ట్రెవర్ కుంటుకుంటూ వచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాక ఆమె సరేనని తలూపింది.

"ఏవండీ, నన్ను హాలుకి చైర్‌పర్సన్ని చేశారు," అంది ఇంటికెళ్లి.

ఎలియాస్ పడీపడీ నవ్వాడు. "పాపం, ఇంక మిగతావాళ్లెవరూ మాట్లాడలేరు!"

"నవ్వండి. ఊరందరికీ బిర్యానీ పెడుతున్నా. ఉల్లిపాయలు తరిగేది మీరే."

విందు రోజు హాలు నిండిపోయింది. డెబ్రా కూడా వచ్చింది. గ్రేసమ్మ గరిటె అందుకోగానే ఓ రైతు పరుగున వచ్చాడు.

"కంచె తెగింది! నా పెయ్యలు రోడ్డెక్కాయి!"

హాలంతా బయటికి పరుగెత్తింది. గ్రేసమ్మ పట్టుచీర ఎగ్గట్టి, ఎవరివో గంబూట్లు తొడుక్కుని, గరిటెతో సహా రోడ్డుకి అడ్డంగా నిలబడింది.

"హేయ్! ఎక్కడికర్రా? పొండి వెనక్కి!"

ఆ కేకకి పెయ్యలు బిత్తరపోయి గేటువైపు మళ్లాయి. రైతులు చేతులు చాచి లోపలికి తోలేశారు. ఆఫీసు బూట్లతో బురదలో దిగబడిన డెబ్రా నవ్వాపుకోలేకపోయింది.

తిరిగొచ్చి అంతా ఆవురావురుమంటూ తిన్నారు. ట్రెవర్ కారానికి ముక్కు తుడుచుకుంటూనే మూడోసారి పెట్టించుకున్నాడు.

మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయనే పట్టుబట్టి ఆమెని ఊరి పనులు చూసే కమ్యూనిటీ బోర్డుకి నిలబెట్టాడు. గెలిచింది. ఆ తరవాతి వేసవికల్లా బడి ముందు కాంక్రీటు కాలిబాట వేయించింది. అది ఆరకముందే పిల్లలు చెప్పుల్లేని కాళ్లతో పరుగెత్తి ముద్రలు వేసేశారు. పనివాళ్లు చదును చేస్తామంటే గ్రేసమ్మ ఒప్పుకోలేదు.

"ఉండనివ్వండి, ఎంత ముద్దుగా ఉన్నాయో!"