పొగాకు నీళ్లు

మనవరాలి కుక్కపిల్ల ఒళ్లో పడుకుంటే చెవి వెనక నిమురుతున్నాను. వేలికి పెసరగింజంత ఉబ్బు తగిలింది. పిడుదు. చూడకుండానే పోల్చుకున్నాను. వెంటనే ముక్కుకు తడిసిన పొగాకు వాసన వచ్చినట్టయింది. ఇంట్లో పొగాకు లేదు. ఆ వాసన రాజవ్వత్తది.

పంతొమ్మిది వందల యాభైల్లో షోలాపూర్ భవాని పేట్‌లో మా ఇంటికీ ఆమె ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఆమె పెళ్లయి కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. గడపలో కూర్చుని బీడీలు చుట్టేది. పసిపిల్లకు కడుపునొప్పి వచ్చినా, మేక మేత మానినా పేటలో అందరూ ముందు ఆమెనే అడిగేవారు. నేను అప్పుడు కొత్త కోడలిని. పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తూ, ఆమె ఏది చెప్పినా నిజమేనని నమ్మేదాన్ని.

మా ఇళ్ల వరసలోనే నర్సన్న అనే నేతగాడు ఉండేవాడు. భార్య పోయి ఎన్నాళ్లో కాలేదు. ఆమె పెంచిన కుక్క మగ్గం వెనక మూలలో నాలుగు పిల్లలను ఈనింది. ఎండలు ముదిరేసరికి పిల్లల చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు పట్టాయి. ఒక పిల్ల చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడి, డికాక్షన్ రంగు మూత్రం పోసి చచ్చిపోయింది. నర్సన్న రాజవ్వత్త దగ్గరికి వచ్చాడు.

"మిగిలినయన్నా దక్కాలె చెల్లె. ఆమె సాదుకున్న కుక్క గదా."

"నువ్వు ఫికర్ చెయ్యకన్నా," అంది ఆమె.

బీడీ పొగాకు పొడిని నీళ్లలో మరిగించి, చల్లార్చి, వడగట్టింది. పెద్ద కుక్కలకు అలా చేయడం నేను చూశాను. ఒక్కో పిల్లనూ ఒళ్లో పెట్టుకుని మెడ నుంచి తోక దాకా తడిపింది. చివరి పిల్ల దగ్గరికి వచ్చేసరికి నీళ్లు అయిపోయాయి. మధ్యాహ్నానికి తడిపిన రెండూ చొంగ కారుస్తూ వణికాయి. కాళ్లు బిగదీసుకున్నాయి. ఆమె మంచినీళ్లతో ఎంత కడిగినా ప్రాణాలు నిలవలేదు. తడపని పిల్ల మాత్రం మామూలుగానే ఉంది.

"పిడుదుల జరమే. ముందుగాల ఒకటి పోలేదా," అంది మా అత్త. అందరూ అదే అన్నారు. రాజవ్వత్త ఒళ్లోని చాట పక్కన పెట్టి లేచింది. నేను వెంట వెళ్లాను. నర్సన్న మగ్గం మీద ఉన్నాడు. పక్క మగ్గాలవాళ్లూ అక్కడే ఉన్నారు.

"జరం కాదన్నా. నేను కడిగిన నీళ్లే వాటి పానం తీసినయి."

మగ్గం ఆగింది. "కావాలని జేసినవా?" అన్నాడు.

"తెల్వక జేసిన. గని తెలిసినట్టే జేసిన."

అతను మళ్లీ నాడె అందుకుని నేత సాగించాడు. బయటికి వచ్చాక ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. సందులో ఆడవాళ్లు చూస్తున్నారు. ఆమె పక్కన నడవడానికి నాకు సిగ్గేసింది.

మర్నాడు మిగిలిన పిల్లను తీసుకుని జనావరాల దవాఖానాకు, అదే పశువుల ఆసుపత్రికి, వెళ్లాం. నేను షోలాపూర్‌లోనే పుట్టి మరాఠీ బడిలో చదివినదాన్ని కాబట్టి నన్ను తోడు రమ్మంది. డాక్టరుతో నేను మరాఠీలో, ఎవరో కుక్కపిల్లలను పొగాకు నీళ్లతో కడిగారని చెప్పాను. ఆమెకు ఆ మాత్రం మరాఠీ అర్థమైంది.

"ఎవరో కాదు బిడ్డా. నేనే అని చెప్పు."

చెప్పాను. నా చెవులు కాలిపోయాయి. డాక్టరు ఆమెను అందరి ముందూ గట్టిగానే మందలించాడు. పొగాకు విషం చర్మంలోంచి దిగుతుందనీ, పసికూనలు ఓర్చుకోలేవనీ అన్నాడు. పిడుదును నలపకుండా మొదలు దగ్గర పట్టి లాగాలని, గోడ పగుళ్లలో దాగినవి మళ్లీ ఎక్కుతాయి కాబట్టి పగుళ్లు పూడ్చాలని, రోజూ చిగుళ్లు చూడాలని చెప్పాడు. ఆమె తల వంచుకుని వింది. అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా నాచేత మళ్లీ అడిగించింది.

ఆ ఎండాకాలమంతా పొద్దున బీడీల ముందు కూర్చునే లోపే నర్సన్న ఇంటికి వెళ్లి ఆ పిల్ల ఒళ్లంతా వెతికేది. దొరికినవాటిని ఉప్పునీళ్ల డబ్బాలో వేసేది. గోడలకు మట్టి మెత్తి సున్నం వేసింది. నర్సన్న ఆమెతో మాట్లాడేవాడు కాదు. వానలు పడ్డాక ఒకరోజు మగ్గం దిగి వచ్చి, పిల్ల పెదవి పైకెత్తి చూశాడు. చిగుళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మంచిగనే ఉన్నది చెల్లె," అని మళ్లీ మగ్గం ఎక్కాడు. ఆమె అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చింది.

తర్వాత కూడా జనం సలహాకు వచ్చారు. "ముందుగాల నేను జేసింది ఇను," అని ఆ రెండు పిల్లల సంగతి చెప్పాకే తక్కినది చెప్పేది. సగంలోనే లేచి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

ఆ పద్ధతి నాకూ అంటుకుంది. కోడళ్లు, ఇరుగుపొరుగు ఏదైనా అడిగితే, నేను ఎక్కడ పొరబడ్డానో ముందు చెబుతాను. చెప్పేటప్పుడు ఈ వయసులోనూ ముఖం వేడెక్కుతుంది. కొన్నిసార్లు ఒకటి రెండు మాటలు మింగేస్తాను కూడా. అలా మింగిన రోజు నిద్ర పట్టదు. తెల్లారి వాళ్ల గుమ్మానికి వెళ్లి, ఆ మిగిలినది కూడా చెప్పి వస్తాను.