శనివారం సైలెన్సర్

మా మావ బండి బాగుచేయించడానికి పూనుకున్నాక నాకు ఒక సంగతి బోధపడింది. విజయనగరంలో మంచివాళ్లకు కొదవ లేదు. నా పని చెడగొట్టింది వాళ్లే.

మావ అంటే మా అమ్మకు తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. కోట దగ్గర మా బట్టల కొట్టు నాన్న చూసుకుంటే, ఊళ్ల మీద వ్యాపారం మావది. సీటు వెనక చీరల మూట కట్టుకుని, సంత ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరు వెళ్లేవాడు. గరివిడి, చీపురుపల్లి, రాజాం, అటు శ్రీకాకుళం దాకా. ఆ తిరుగుడంతా ఒకే బండి మీద. వంద సీసీ టూ స్ట్రోక్ జపాన్ బండి, నల్ల ట్యాంకు. సంత ముగించుకుని వస్తుంటే వీధి మలుపులోనే అమ్మ దాని గొంతు గుర్తుపట్టి కంచం పెట్టేసేది. ఎన్ని బండ్లు వచ్చినా, పోయినా ఆవిడ ఒక్కసారి కూడా పొరబడలేదు.

ఆ మోడల్ తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. మావ ఊళ్లు తిరగడం మానేసి కొట్లో కూర్చున్నాక బండి పెరట్లో రేకుల కింద పడి ఉండేది. హుద్‌హుద్ తుఫానుకి ఆ రేకులు కూలి దాని మీదే పడ్డాయి. ఆ మరుసటి ఏడే మావ చెవులు సన్నగిల్లడం మొదలైంది. విశాఖపట్నంలో డాక్టరు, నరం దెబ్బతిందని, ఉన్న వినికిడి కూడా మెల్లగా పోతుందని చెప్పాడు. చెవిమిషన్ ఇస్తే మావ కొన్నాళ్లు పెట్టుకుని బీరువాలో పడేశాడు. అందులో మనిషి మాటా, గిన్నెల మోతా ఒకేలా ఉన్నాయట. ఓ ఆదివారం నన్ను పెరట్లోకి తీసుకెళ్లి ఆ తుప్పుముద్దను చూపించాడు.

"సెవులు పూర్తిగా పోయేలోపు దీన్ని ఒక్కసారి ఇనాలిరా. డూప్లికేట్ సామాను మాత్రం ఎయ్యకు. గొంతు మారిపోతాది."

మావ ఎప్పుడూ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు. సరేనన్నాను. సరే అన్న ఆ నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలియదు.

ఒరిజినల్ పిస్టన్ ఉందా అని అడిగితే లేదని చెప్పిన దుకాణం ఒక్కటీ లేదు. లేదంటే వ్యాపారి పరువు పోతుంది. వ్యాపారి ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు. దుమ్ము దులిపి అట్టపెట్టె చేతిలో పెడతారు. పెట్టె ఒరిజినలే, లోపల ఉన్నదే కాదు. ఇది డూప్లికేట్ కదండీ అంటే ఒకాయన నొచ్చుకుని, డూప్లికేటే గాని ఇది ఒరిజినల్ డూప్లికేట్ అన్నాడు. ఇంకొకాయన టీ తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పాత డొక్కు అమ్మేసి కొత్త బండి కొనుక్కోమని గంటసేపు హితబోధ చేశాడు. ఆయన బావమరిది షోరూంలో పనిచేస్తాడని చివర్లో తెలిసింది.

ఫోన్లో పాత బండ్ల పిచ్చివాళ్ల గుంపు ఒకటి ఉంటే అందులో చేరాను. సామాను ఎక్కడ దొరుకుతుందని అడిగితే చెప్పేవాడు లేడు గాని, నా బండి నట్ల రంగు తప్పని వాదించేవాళ్లు పదిమంది తేలారు. ఇక మా మెకానిక్. మనిషి బంగారం. కానీ అతని లెక్కలో సామాను అంటే బిగిస్తే బిగిసేది. నేను ఊరూరా గాలించి కార్బురేటర్ తెస్తే, కొంచెం బిగువుగా ఉందని ఆకురాయి తీశాడు గీకేయడానికి. చెయ్యి పట్టుకుని ఆపాను. నువ్వు బండి సేయిస్తన్నావా, గుడి కట్టిస్తన్నావా బాబూ అని విసుక్కున్నాడు.

ఎలాగో ఇంజను కుదురుకుంది. మిగిలింది సైలెన్సర్. టూ స్ట్రోక్ బండికి అది పొగ వదిలే గొట్టం మాత్రమే కాదు. దాని లోపలి కొలతలు కాస్త మారినా శబ్దం మారిపోతుంది. మావ అడిగిన గొంతు అందులోనే ఉంది. పాతది తుఫాను తర్వాత తుప్పు తినేసి, చెయ్యి వేస్తే పెచ్చులుగా రాలిపోయింది.

నా ఉద్యోగం గరివిడి ఫ్యాక్టరీలో. ఆదివారం దుకాణాలు కట్టేస్తారు. సామాను వేటకు నాకు మిగిలేది శనివారం మధ్యాహ్నం ఒక్కటే. మా ఇంట్లో శనివారం ఇనుము కొనకూడదు. కొన్నా గుమ్మం దాటకూడదు, మేకైనా సరే. దాని వెంట శని ఇంట్లోకి వస్తాడని అమ్మ భయం. మిగతా వారమంతా ఏ దేవుడికీ నా బండి మీద అభ్యంతరం లేదు గాని, నాకు సెలవు లేదు. చిన్న చిన్న సామాను దాచి తెచ్చేవాణ్ణి. పిస్టన్ రింగులు చొక్కా జేబులో పెట్టుకుని అమ్మ ఎదురుగా అన్నం తిన్న రోజులున్నాయి. సైలెన్సర్ ఏ జేబులో పడుతుంది?

శ్రీకాకుళంలో ఒకాయన దగ్గర వాడని సైలెన్సర్ ఉందని ఫోన్లో ఫొటో వచ్చింది. చేపల వ్యాపారం చేసే ఇల్లు. వాళ్ల నాన్న తన బండికి ఎప్పుడైనా పనికొస్తుందని కొని అటక మీద పెట్టి మరిచిపోయాడట. ఆదివారం వాళ్లకు చేపల బేరం, ఇంట్లో ఎవరూ దొరకరు. శనివారం ఫ్యాక్టరీ నుంచి అటే బస్సెక్కాను. నూనె కాగితం విప్పితే లోపల మొహం కనబడేంత మెరుపు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వేవాళ్లు నవ్వుకోండి. మళ్లీ కాగితం చుట్టి, బస్సులో చంటిపిల్లని పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని వచ్చాను. ఒళ్లో ఉన్నదానికి కూడా కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడు.

అమ్మ గుమ్మంలోనే ఉంది. ఇవాళ ఏ వారమని అడిగింది. బతిమాలాను, విసుక్కున్నాను, పెరటి దారిన తెస్తానన్నాను. పెరటి గుమ్మం కూడా గుమ్మమే అంది. చివరికి ప్రహరీ బయట, పక్కింటివాళ్ల గోడ వారన పెట్టి గోనెసంచి కప్పమంది. తెల్లారాక పసుపునీళ్లు చల్లి తనే లోపలికి తెస్తానంది. ఒళ్లు హూనమై ఉన్నాను. పెట్టి వెళ్లి పడుకున్నాను.

నేను లేచేసరికి గోనెసంచి ఉంది, సైలెన్సర్ లేదు. పాత ఇనప సామానుకు ఉల్లిపాయలు ఇచ్చే బండివాడు ఆ ఉదయమే మా వీధికి వచ్చాడట. తన గోడ వారన పడి ఉన్న గొట్టాన్ని పక్కింటి పిన్నిగారు అతనికి ఇచ్చేసింది. పనికొచ్చేదైతే వీధిలో ఎందుకు పారేస్తారు అంది. మనిషి చాలా మంచిది. గోనెసంచి మాదని గుర్తుపట్టి మాకే ఉంచింది. ఉల్లిపాయల్లో సగం మా ఇంటికి పంపింది.

పాత సామాన్ల కొట్టుకి పరిగెత్తాను. అక్కడ నా సైలెన్సర్, బస్తాలో పట్టలేదని, నడిమికి విరిచి ఉంది.

ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. జన్మలో ఎప్పుడూ అరవనంతగా అరిచాను. నీ శని తగలెయ్య అని కూడా అన్నాను. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని ఆ ఉల్లిపాయలే తరుగుతోంది. అక్కణ్ణుంచి లేవకుండానే చెప్పింది.

"ఆడి సెవులకి శని పట్టిందని పంతులుగారు సెప్పారు. ఆడికోసం శనివారాలు ఒంటిపూట ఉంటన్నాను. ఆడి బండి ఇనుమే శనివారం నాడు ఇంట్లో ఎట్టమంటావేటి?"

ఆ ఒంటిపూటలు నేను చూస్తూనే ఉన్నాను. మోకాళ్ల నొప్పులకేదో మొక్కు అనుకున్నాను. అయినా కోపం తగ్గలేదు. ఇద్దరం ఒకే మనిషి కోసం పాటుపడుతున్నాం, ఒకరి పాటును ఒకరం తగలేసుకుంటున్నాం. ఆ మధ్యాహ్నం అమ్మ ఉల్లిపాయ పులుసు పెట్టింది. నేను ముట్టలేదు. మావ మాత్రం మళ్లీ మళ్లీ వడ్డించుకుని తిన్నాడు. ఇంట్లో అంత గొడవ జరిగినట్టు అతనికి వినపడనే లేదు.

మరో సైలెన్సర్ దొరకడానికి ఏడాది దాటింది. ఈలోగా మావతో మాట్లాడాలంటే భుజం తట్టి పిలవాల్సి వచ్చేది. వీధిలో వెనక నుంచి ఆటో వస్తుంటే చెయ్యి పట్టి పక్కకు లాగేవాళ్లం. కొట్లో బేరానికి వచ్చినవాళ్ల మాట అందక, నవ్వుతూ తలూపి, వాళ్లు అడగని చీరలు పరిచేవాడు. నాకు రోజులు గడిచేకొద్దీ అరికాలి మంట నెత్తికెక్కేది. చివరికి ఆ శ్రీకాకుళం చేపల ఇంటివాళ్లే తెలిసినవాళ్లందరినీ అడిగి ఇంకొకటి సంపాదించి పెట్టారు. ఈసారి బుధవారం సెలవు పెట్టి వెళ్లి తెచ్చాను. మొదటిసారే ఆ పని చెయ్యొచ్చు కదా అంటారేమో. అమ్మ కూడా అదే అంది.

బండి సిద్ధమైన రోజు అమ్మ ట్యాంకుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. మావ ఉతికిన లాల్చీ వేసుకుని వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. నేను కిక్ కొట్టాను. కాసేపు మొరాయించి అందుకుంది. మెత్తగా, ఎక్కడా తెగకుండా, కుట్టుమిషన్ మీద కొత్త బట్ట నడుస్తున్నట్టు. చిన్నప్పుడు విన్న ఆ శబ్దమే, అణువంత తేడా లేదు. నోరు మూతపడని మెకానిక్ కూడా చేతులు కట్టుకుని విన్నాడు. అమ్మ కళ్లొత్తుకుంది.

మావ నా కాలివైపు చూస్తున్నాడు.

"స్టార్టయ్యిందేటిరా?" అన్నాడు.

సైలెన్సర్ పనే శబ్దాన్ని అణచడం. ఎంత ఒరిజినల్ అయితే అంత బాగా అణుస్తుంది. అంత మంచిదాన్ని వెతికి వెతికి తెచ్చింది నేనే. దాని చివర్లో లోపలికి సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది, శబ్దాన్ని మింగేది అదే. కాలేజీ కుర్రాళ్లు దాన్ని పీకేసి ఊరంతా అదరగొడుతుంటారు. వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంజను ఆపి, బోల్టు విప్పి, ఆ గొట్టాన్ని పీకి అవతల పడేశాను. బాబూ, అది ఒరిజినలు అన్నాడు మెకానిక్, బెంగగా.

మళ్లీ కిక్ కొట్టాను. కిటికీ తలుపులు అదిరాయి. పక్కింటి పిన్నిగారు చెవులు మూసుకుని బయటికొచ్చింది. మావ తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉన్నాడు.

"వస్తన్నాది," అన్నాడు. "దూరంగా ఉన్నాది. రామతీర్థం రోడ్డు మీద ఎవడో వస్తన్నట్టున్నాది."

అతను అడిగిన గొంతు అది కాదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు.

అమ్మ వచ్చి నా భుజం పట్టుకుంది. "ఇంకా గట్టిగా తిప్పరా. ఆడికి సాల్లేదు."

కొత్తగా కట్టిన ఇంజన్ని అలా తిప్పకూడదు, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. మళ్లీ అంత సామాను ఈ జన్మకు దొరకదు. యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పి, మావ మొహం చూస్తూ అలాగే పట్టుకున్నాను.