గొంతు జీరబోయిన పాట

సోల్డర్ కరిగేటప్పుడు లేచే పొగకి ఒక వాసన ఉంటుంది. కొంచెం గుగ్గిలం, కొంచెం కాలిన ఇనుము. మొన్న మా ఊళ్లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఫోన్లు బాగుచేసే కొట్లో ఆ వాసన ముక్కుకి తగలగానే నేను తలెత్తి చూశాను. కొట్టాయన నా ఫోను విప్పి చార్జింగ్ పెట్టేచోట ఏదో అతుకుతున్నాడు. నేను గడియారం చూసుకుంటున్నాను. అవతలి తీరాన బాతెల్‌లో బయోటెక్ కంపెనీలో పనిచేసే మా అమ్మాయి నీలిమ ఒకటిన్నరకి ఫోన్ చేస్తుంది. ఇదివరకు వారానికోసారి చేయడానికే దానికి తీరిక ఉండేది కాదు. నెల రోజులుగా మాత్రం రోజూ, అదే వేళకి చేస్తోంది. తల్లిగా సంతోషించాల్సిన మాటే. నాకెందుకో భయంగా ఉంది.

నా వెనక కాలేజీ పిల్లలిద్దరు వాదించుకుంటున్నారు. అసలైన ఎమో మ్యూజిక్ ఏది, నకిలీ ఏది అని. తొంభైల తర్వాత వచ్చినదంతా వట్టి వేషమని అబ్బాయి, ఆ పాటలే లేకపోతే హైస్కూల్లో తను బతికి ఉండేదాన్నే కాదని అమ్మాయి. యాభై ఏడేళ్ల ఆంటీ వెనక్కి తిరిగి, ఎమో అన్నది పాటల పేరు కాక వట్టి తిట్టుగా ఉన్న రోజుల్లో నన్నూ అలా తిట్టారని చెబితే బాగుండదని ఊరుకున్నాను. కానీ ఆ వాసన ఊరుకోలేదు. అది పానకాలరావు అంకుల్ బేస్‌మెంట్ వాసన.

మేము అప్పుడు మేరీలాండ్‌లో, వాషింగ్టన్ ఊరి పొలిమేరల్లో ఉండేవాళ్లం. మా వీధి చివరి ఇల్లు ఆయనది. మంగళగిరి మనిషి. చెవుల వినికిడి పరీక్షించే యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఎండాకాలంలో కూడా చేతుల్లేని ఊలు స్వెట్టరు వేసుకునేవాడు. తెలుగువాళ్ల ఉగాది ఫంక్షన్లకి మైకులూ స్పీకర్లూ ఆయనవే. మైకులోకి ఉఫ్ ఉఫ్‌మని ఊదేవాళ్లంటే ఆయనకి ఒళ్లుమంట. పిల్లలమందరం ఆయనంటే జడిసేవాళ్లం. పదహారేళ్లప్పుడు నేను ఎవరింటి గరాజ్ సేల్‌లోనో కొన్న, బేస్ గిటార్ చప్పుడు పెంచే పాత యాంప్ పెట్టె మూగబోతే, వేరే దారిలేక ఆయన గుమ్మం ఎక్కాను. ఆయన దాన్ని విప్పి, రెండు గంటలు పనిచేసి మూత బిగించాడు. నేను గబగబా గిటార్ వైరు పెట్టబోయాను.

"ఆగమ్మాయ్. అప్పుడే వాయించమాక. ఉత్తినే ఆన్ చేసి విను."

"ఏం వినాలి అంకుల్?"

"దాని రొద. నువ్వు పాట మొదలెడితే అందులో కలిసిపోద్ది. ఇంక దాని జబ్బేంటో నాకెట్టా తెలుస్తది?"

ఇద్దరం ఆ పెట్టెకి చెరోపక్క చెవి ఆనించి కూర్చున్నాం. గుయ్యిమని సన్నగా ఒక చప్పుడు. దానికింద ఇంకా సన్నగా చిటపట. ఆయన కళ్లు మూసుకుని విని, మళ్లీ మూత విప్పాడు. ఆ రోజు నుంచీ శనివారాలు ఆయన దగ్గర సోల్డరింగ్ నేర్చుకున్నాను. వేళ్లు కాల్చుకున్నాను, తిట్లు తిన్నాను. ఇంట్లోకంటే అక్కడ నాకు ఊపిరాడేది.

ఇంట్లో ఊపిరాడకపోవడానికి కారణం ఉంది. ఎనభై అయిదు మార్చిలో మా నాన్న ఉద్యోగం పోయింది. కంపెనీవాళ్లు ఒక విభాగాన్నే మూసేశారు. నాన్న మర్నాడు కూడా స్నానం చేసి, టై కట్టుకుని, అమ్మ ఇచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని కారెక్కాడు. ఆ మర్నాడూ అంతే. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "ఎవరితోనూ అనకు. నలుగురికీ తెలిస్తే మీ నాన్న తట్టుకోలేరు" అంది. ఆదివారం విందుల్లో ఎవరైనా పలకరిస్తే నాన్న నవ్వి, "ఆఫీస్‌లో పని ఎక్కువగా ఉందండీ" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నేను పళ్లెం పట్టుకుని అవతలికి వెళ్లిపోయేదాన్ని. ఎక్కడికి వెళ్తున్నాడో మాకు చెప్పలేదు. ఒకరోజు స్కూల్ నుంచి మమ్మల్ని ఊళ్లో పబ్లిక్ లైబ్రరీకి తీసుకెళ్లారు. అక్కడ పేపర్లు చదివే మూల మా నాన్న కూర్చుని ఉన్నాడు. లోపల తినకూడదు కదా, డబ్బా ఒళ్లో పెట్టుకుని, చప్పుడు కాకుండా మూత తీస్తున్నాడు. నేను పుస్తకాల బీరువా వెనక దాక్కున్నాను. పలకరించలేదు. ఆ పని గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ వేసవే ఊళ్లో పాటలు మారాయి. అంతవరకు స్కూల్ స్నేహితులతో నేను వెళ్లే షోలన్నీ హార్డ్‌కోర్ రాక్ షోలు. నిమిషంలో అయిపోయే పాటలు, అరుపులు, ముందు వరసలో గుద్దులాటలు. కోపం తప్ప ఇంకేదీ పైకి కనపడకూడదన్నది అక్కడి నియమం. కొట్లాటలతో విసిగిపోయిన కొందరు ఆ వేసవిలో వేగం తగ్గించారు, రాగం కలిపారు, ఎవరిమీదో కాకుండా తమ గురించి తామే పాడటం మొదలుపెట్టారు. స్టేజి మీదే ఏడ్చినవాళ్లున్నారు. పాతవాళ్లకి అరికాలిమంట నెత్తికెక్కింది. ఎమోషనల్ హార్డ్‌కోర్ అని వెక్కిరించారు, దాన్నే కుదించి ఎమో అన్నారు. ఆ పేరు పడ్డవాళ్లకి అది మరీ అసహ్యం. అది కొత్త దారి అని సగం మంది, సిగ్గులేని ఏడుపు అని సగం మంది. నిన్నటిదాకా ఒకే మెట్ల మీద కూర్చున్నవాళ్లు మాటలు మానేశారు.

నేను నాన్న మీద పాట రాశాను. టై కట్టుకున్న మనిషి, లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ, చప్పుడు చేయకూడని డబ్బా మూత. ఆ స్నేహితులతో పెట్టుకున్న మా బ్యాండ్‌లో నేను బేస్ వాయిస్తూ పాడేదాన్ని. డ్రమ్స్ ఎరిక్‌వి, గిటార్ పాల్‌ది. ఆ మనిషి ఎవరని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. రికార్డింగ్‌కి స్టూడియోకి వెళ్లే స్తోమత లేక, బేస్‌మెంట్‌లో రికార్డింగ్ యంత్రం ఉంది కదా అని అంకుల్ని బతిమాలితే, ఒక శనివారం మధ్యాహ్నం రమ్మన్నాడు. అక్కడ నేను చేసిన తెలివితక్కువ లెక్క ఒకటుంది. మేము ఇంగ్లీషులో, గొంతు చించుకుని అరుస్తాం. ఈయనకి ఒక్క ముక్కా అర్థం కాదు అనుకున్నాను. చెవులతోనే అన్నం తినే మనిషి గురించి అలా ఎలా అనుకున్నానో.

మొదటిసారి పాడినప్పుడు డబ్బా మూత దగ్గరికి వచ్చేసరికి నా గొంతు జీరబోయింది. మాట సగంలో గాలైపోయింది. ఎరిక్ కర్రలు కింద పడేశాడు.

"మళ్లీ పాడు. ఇది బయటికి వెళ్తే మనల్ని కూడా వాళ్లలో కలిపేస్తారు. ఎమో అంటారు. నేను తలెత్తుకుని తిరగలేను."

రెండోసారి గట్టిగా, కోపంగా, ఎక్కడా తడబడకుండా పాడాను. ఎరిక్ సంతోషించాడు. అంకుల్ మొదటిసారి పాడిన టేపు వెనక్కి తిప్పి, గిటారూ డ్రమ్సూ వినపడకుండా ఆపి, నా గొంతు ఒక్కటే హెడ్‌ఫోన్లలో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన చెయ్యి మీట మీద ఆగిపోయింది. పాటలో మనిషి ఎవరో ఆయనకి తెలిసిపోయిందని నాకర్థమైంది.

"పైన ఆంటీ పెసరట్లు పోస్తోంది, వెళ్లి తినండి బాబూ" అని ఇంగ్లీషులో చెప్పి మగపిల్లలిద్దరినీ పంపించాడు. వాళ్ల అడుగుల చప్పుడు తగ్గేదాకా ఆగాడు.

"ఎన్నాళ్లబట్టి?"

"మార్చి నుంచి." నాకు ఏడుపు ఆగలేదు. "నాన్నతో అనకండి అంకుల్. అమ్మ ఒట్టు వేయించుకుంది. నేను చెప్పానని తెలిస్తే..."

"నువ్వు నాకేం చెప్పావు? పాట పాడావు, నేను రికార్డు చేశా." హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. "మీ మ్యూజిక్ నాకేం నచ్చలా. డప్పు మరీ ఎక్కువ. కానీ రెండోసారి పాడావే, అందులో నువ్వు నాకు వినపడకుండా జాగ్రత్తపడుతున్నావు. ఏది ఉంచుకుంటావో నీ ఇష్టం."

నేను మొదటిది ఉంచమన్నాను. ఆ తర్వాత వారం రోజులు నాకు నిద్ర లేదు. ఫోన్ మోగితే నేనే ముందు పరిగెత్తి ఎత్తేదాన్ని. ఆయన ఫోన్ చేస్తాడేమో, ఆంటీకి చెబుతాడేమో, ఆంటీకి తెలిస్తే తెలుగువాళ్లందరికీ తెలిసినట్టే. నాన్న మొహం రోజూ వెతికేదాన్ని. అందులో ఏమీ కనపడేది కాదు. గురువారం సాయంత్రం నాన్న తెచ్చిన డబ్బా కడుగుతుంటే గోంగూర పచ్చడి వాసన వచ్చింది. మా ఇంట్లో ఆ నెలంతా గోంగూర లేదు. మూత కూడా మాది కాదు, దాని మీద అంకుల్ భార్య అనసూయ ఆంటీ పేరు చెక్కి ఉంది. అంకుల్ ఆఫీసు లైబ్రరీకి పూర్తిగా అవతలి దిక్కు. భోజనం వేళకి అంత దూరం వచ్చి, మా నాన్న పక్కన కూర్చుని తిన్నాడన్నమాట. మూత ఎవరికీ కనపడకుండా తుడిచి దాచాను. శుక్రవారం దాన్ని మళ్లీ నాన్న డబ్బాకే పెట్టాను.

మా షో ఒక చర్చి కింది హాల్లో, ఆదివారం మధ్యాహ్నం. స్పీకర్లు అంకుల్ తెస్తానన్నాడు. తెచ్చాడు. రెండో కొస పట్టుకుని మా నాన్న వచ్చాడు.

"నడుం నొప్పమ్మాయ్. ఒక్కణ్ణే ఎట్టా మొయ్యను?" అన్నాడు అంకుల్ నా వైపు చూడకుండా. ఉగాది ఫంక్షన్లన్నింటికీ ఆ స్పీకర్లు ఆయనొక్కడే మోయడం నేనెరుగుదును.

నాన్న గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పాట వదిలేద్దామని ఎరిక్‌తో అనబోయాను. వదిలేస్తే వాడు సంతోషించేవాడే. యాంప్ ఆన్ చేశాను. అలవాటు ప్రకారం ముందు ఏమీ వాయించకుండా దాని రొద విన్నాను. అది విన్నంతసేపూ నాన్న నా వైపే చూస్తున్నాడు. పాడాను. అదే చోట గొంతు జీరబోయింది. వెనకనుంచి ఎవడో "ఎమో" అని అరిచాడు, కొందరు నవ్వారు, కొందరు వీపులు తిప్పేశారు. ముందు వరసలో ఒకమ్మాయి మాత్రం కళ్లు తుడుచుకుంటూ నిలబడింది. ఎరిక్ ఆ షో తర్వాత బ్యాండ్‌లో లేడు.

కారులో స్పీకరు ఎక్కించేటప్పుడు నాన్న, నేను ఇద్దరమే ఉన్నాం. ఆయన తాడు బిగిస్తూ మామూలు గొంతుతో అన్నాడు.

"కిటికీ పక్క కుర్చీ అని పాడావు. కిటికీ పక్కది కాదమ్మా. అక్కడ ఎండ పడుతుంది, పేపరు చదవలేం. హీటర్ పక్కది."

అంతే. నేను నాన్న చొక్కాలో మొహం దాచుకుని చాలాసేపు ఏడ్చాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన మొదటిసారి ఉద్యోగం పోయిందన్న మాట పైకి అన్నాడు. శీతాకాలానికి చిన్న కంపెనీలో ఇంకో ఉద్యోగం దొరికింది. పానకాలరావు అంకుల్ ఆ మధ్యాహ్నాల గురించి చనిపోయేదాకా ఎత్తలేదు. ఆయన పోయాక ఆంటీ నాకొక డబ్బా మూత పంపింది, అప్పుడు తారుమారైన మా నాన్న డబ్బాది. ఎందుకు పంపిందో రాయలేదు.

కొట్టాయన ఫోను నా చేతిలో పెట్టేసరికి అది మోగింది. కాలేజీ పిల్లలింకా తేల్చుకోలేదు. నేను రోడ్డు మీదికి వచ్చాను.

"హాయ్ అమ్మా. ఆఫీస్‌లో చాలా బిజీ. జస్ట్ బ్రేక్ తీస్కున్నాను, నీతో టాక్ చేద్దామని."

రోజూ అయితే తిన్నావా, ఎలా ఉన్నావు అని గడగడా అడిగేసేదాన్ని. ఈసారి నోరు మూసుకుని విన్నాను. దాని మాటల వెనక ఆఫీసు చప్పుడు లేదు. ఎవరో పేజీలు తిప్పుతున్నారు. దూరంగా ఒకావిడ చిన్నపిల్లలకి కథ చదివి వినిపిస్తోంది. మధ్యలో ఎవరో ఉష్ అని సద్దుమణిగించారు.

"అమ్మా? ఆర్ యూ దేర్?"

"ఉన్నానే తల్లీ" అన్నాను. "ఎన్నాళ్లబట్టి?"