ముద్దుగా తిట్టే ఇంట్లో చెవి మిషన్

నేను పదో తరగతితో ఆగిపోయాను. మిగతా చదువంతా నరసరావుపేట లైబ్రరీలోనే. మా పాపకి మూడో ఏట చెవి లోపల మిషన్ పెట్టించినప్పుడు, దాని గురించి దొరికినదల్లా అక్కడే చదివాను. ఆ గర్వం నాకు ఉండేది.

మూడేళ్ల తర్వాత చైనా వాళ్ల గురించి చదివింది కూడా అక్కడే. వాళ్ల భాషలో గొంతు లేపితే ఒక అర్థం, దించితే ఇంకో అర్థమట. ఈ మిషన్ మాటని పంపుతుంది గానీ గొంతులోని ఎత్తుపల్లాలను సరిగా పంపలేదట. వాటిని కూడా పంపేలా మార్చాలని చూస్తున్నారట.  చదువుతుంటే నాకు చైనా కాదు, మా అత్తయ్య గుర్తొచ్చింది.

మా అత్తయ్యకి ముద్దొస్తే తిడుతుంది. "ఏమే ముదనష్టపుదానా, ఏడ సచ్చావే? రా, బువ్వ తిందువుగాని!" ఆ సాగదీతలోనే ఉంటుంది ప్రేమంతా. ఆరేళ్ల పాప ఆ పిలుపు వినగానే బీరువా పక్కన నక్కేది. "నాయనమ్మకి నేనంటే కోపమా?" అని వారం కిందటే నన్నడిగింది.

గుంటూరులో మిషన్ సరిచేసే మేడమ్‌ని అడిగాను. "తెలుగుకి అంత ఇబ్బంది లేదండీ. గొంతు మారితే మాట అర్థం మారదుగా," అంది.

"మా ఇంట్లో మారుద్ది మేడమ్. ముద్దుకీ తిట్టుకీ మాకు ఒకటే మాట."

ఆమె నవ్వలేదు. "పాప మొహం చూసి పోల్చుకుంటుంది. అలవాటవ్వాలి," అంది.

ఇంటికొచ్చి, పాపకి మొహం కనబడేలా పిలవమని చెబితే అత్తయ్య చెయ్యి విసిరింది. "నా మనవరాల్ని ముద్దు చెయ్యటానికి కూడా పుస్తకం చూడాలా ఏంది?"

మొహం కనపడకపోతే? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మర్నాడు పాప అరుగు మీద అటు తిరిగి కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. వెనక నిలబడి, అచ్చం అత్తయ్యలాగే సాగదీసి అన్నాను: "ఏమే ముదనష్టపుదానా!"

పాప చేతులు ఆగిపోయాయి. మెల్లగా తిరిగి, ముందు నా మొహం చూసింది. నవ్వాలన్న సంగతి నాకు గుర్తే లేదు. అప్పటికే నా మొహం భయంతో బిగుసుకుపోయి ఉంది.

"నీక్కూడా నేనంటే కోపమా?" అంది పాప. చెవి వెనక అయస్కాంతంతో అంటుకుని ఉండే బిళ్లని, తనకి వినబడేలా చేసే బయటి మిషన్‌తో సహా ఊడదీసి, నా అరచేతిలో పెట్టి, మళ్లీ అటు తిరిగింది.