ఒక్కసారికి ఒక్కటే మార్చే మా లింగయ్య బాబాయ్

నిన్న పొద్దున పాపకు అన్నం పెడుతుంటే ఫోన్ వచ్చింది. చండ్రుగొండ నుంచి పిన్ని నంబర్. ఎత్తితే పిన్ని కాదు, పక్కింటావిడ.

"సరితా, మీ బాబాయ్ లేడు బిడ్డా" అంది.

"ఎటు పోయిండు?" అని అడిగాను.

అలా అడిగినందుకు నా మీద నాకే కోపంగా ఉంది. కానీ నిజంగానే అర్థం కాలేదు. ఆయన ఇంట్లో ఉండేదెప్పుడు? ఎవరింట్లోనో ఏ కంప్యూటరో విప్పుకుని కూర్చునేవాడు.

హార్ట్ ఎటాక్. దవాఖానాకు తీసుకెళ్లేలోపే అయిపోయింది.

లింగయ్య బాబాయ్ నాకు సొంత బాబాయ్ కాదు. మా నాన్నతో కలిసి బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. రిటైరయ్యాక తోటివాళ్లంతా పేకాటలో పడితే ఈయన విండోస్ బదులు వాడే లినక్స్ అనే ఉచిత సిస్టమ్‌లో పడ్డాడు. నా పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తోందని దానికి లినక్స్ ఎక్కించింది కూడా ఆయనే.

ఎక్కించాక స్పీడ్ వచ్చింది. వైఫై పోయింది.

పూర్తిగా పోయినా బాగుండేది. ఇరవై నిమిషాలు ఉంటుంది, పోతుంది, మళ్లీ వస్తుంది.

నవ్వకండి, నేను ఏడ్చిన రోజులవి. ఇది రెండేళ్ల కిందటి మాట. ఆన్‌లైన్‌లో మ్యాథ్స్ చెప్పే ఉద్యోగానికి హైదరాబాద్ కంపెనీ ఒకటి పిలిచింది. ముప్పావు గంట డెమో క్లాస్. మధ్యలో కట్ అయితే అంతే సంగతులు. చంటిపిల్లను వదిలి ఊరు దాటలేను. ఇంట్లో కూర్చుని చేసుకునే పని నాకు అదొక్కటే దొరికింది.

మాది అడవి పక్క ఊరు. మా దగ్గర ఒక అలవాటుంది. నెట్ పోయినా, కరెంట్ పోయినా, బస్సు రాకపోయినా "అడవి కదా, గింతే" అంటారు. కంప్లైంట్ ఇస్తే అవతలివాళ్లూ అదే మాట. మా ఆయనా అదే. నేనూ అదే అన్నాను.

బాబాయ్‌కి మండింది.

"అడవి ఏం జేసింది బిడ్డా నిన్ను? గదే రూటర్ మీద నీ ఫోన్ మంచిగ నడుస్తలేదా? అడవి ఒక్క ల్యాప్‌టాప్‌నే పట్టుకున్నదా?"



జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీశాడు. కట్ అయిన ప్రతిసారీ టైమ్ రాసుకున్నాడు. ఆ టైమ్‌కి ల్యాప్‌టాప్ తనంతట తానే రాసుకునే సిస్టమ్ లాగ్‌లో ఏం పడిందో చూశాడు. రూటర్, వైఫై డ్రైవర్ సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకేసారి మార్చేద్దామని నేను తొందరపెడితే ఒప్పుకోలేదు.

"ఒక్కసారికి ఒక్కటే మార్చాలె. రెండు మారిస్తే దేనితోటి బాగైందో తెల్వది."

రూటర్ జరిపాడు. చూశాడు. రాశాడు.

వైఫై ఛానెల్ మార్చాడు. చూశాడు. రాశాడు.

మూడు టీలు అయ్యాక దొరికింది. బ్యాటరీ మిగల్చడానికని వైఫై కార్డు మధ్యమధ్యలో ఆగిపోతోంది, తిరిగి సరిగ్గా కనెక్ట్ కావడం లేదు. ఆ పవర్ సేవింగ్ ఆపేశాడు. రెండు గంటలు చూశాం. ఒక్కసారి కూడా కట్ కాలేదు.

మర్నాడు పదింటికి డెమో. తొమ్మిదింటికి జోరు వానలో వాకిట్లో మోపెడ్ ఆగింది. ముద్దగా తడిసి బాబాయ్.

"బిడ్డా, ల్యాప్‌టాప్ బంద్ చేసి మళ్ల పెట్టినవా?"

పెట్టాను. రీస్టార్ట్ చేస్తే ఆయన మార్చింది పోయి పాత సెట్టింగే వస్తుందట. ఆ సంగతి ఇంటికి వెళ్లాక గుర్తొచ్చిందట. ఫోన్‌లో చెబితే నేను బెదిరిపోతానని, పదిహేను కిలోమీటర్లు వానలో వచ్చాడు. ఎప్పటికీ అలాగే ఉండేలా ల్యాప్‌టాప్‌లోనే ఒక ఫైల్‌లో రాసి, రీస్టార్ట్ చేసి చూసి, డెమో అయ్యేదాకా తడి బట్టలతోనే వరండాలో కూర్చున్నాడు.

ఉద్యోగం వచ్చింది. ఇవాళ్టికీ మా ఇల్లు నడిచేది దాని మీదే.

నిన్న వాళ్లింట్లో పిన్ని ఒక నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సోమవారం నుంచి ఏందో రాస్తుండు. కంప్యూటర్‌దే అనుకున్న బిడ్డా" అంది.

కంప్యూటర్‌ది కాదు.

"సోమవారం 6.10. ఛాతీల నొప్పి. 5 నిమిషాలు. గ్యాస్ కావచ్చు. టీ బంద్ పెట్టి చూడాలె."

"మంగళవారం 6.40. మళ్ల వచ్చింది. 8 నిమిషాలు. టీ కాదు. పచ్చడి బంద్."

"బుధవారం 11.00. మెట్లు ఎక్కినంక. పచ్చడి కాదు."

తన నొప్పికి కూడా ఒక్కొక్కటే మార్చి చూస్తున్నాడు. దవాఖానాకు పోవడం ఆయన వరసలో ఎక్కడో చివర ఉండి ఉంటుంది. అంతదాకా రాలేకపోయాడు.

బుధవారం కింద ఇంకో లైన్ ఉంది.

"సరితకు ఫోన్ చేసిన. క్లాసుల ఉన్నదట. నెట్ మంచిగున్నదట."

అవును, చేశాడు.

"ఏం లేదు బిడ్డా, నెట్ మంచిగున్నదా?" అన్నాడు.

"మంచిగున్నది బాబాయ్, క్లాసుల ఉన్న, మళ్ల చేస్త" అన్నాను.

ఆ రోజు చేయలేదు. గురువారం కూడా చేయలేదు. నిన్న శుక్రవారం.

ఆయన గొంతు ఎలా ఉందో కూడా నేను పట్టించుకోలేదు. నొప్పి సంగతి చెబుదామనే చేశాడో, ఊరికే చేశాడో, ఇక నాకు ఎవరు చెప్తారు?

ఇది చదువుతున్న మీలో ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే టీ మానేసి చూడకండి. అదే రోజు దవాఖానాకు పోండి. ఇంట్లో పెద్దవాళ్లు "ఏం లేదు" అని ఫోన్ చేస్తే, ఒక్క నిమిషం ఆగి ఏముందో అడగండి. నేను అడగలేదు.

మాఫ్ చెయ్యి బాబాయ్.

ఏ నొప్పీ లేని చోట నిమ్మళంగా ఉండు.