సాల్మన్ చెప్పిన తోడేలు సినిమా

జహీరాబాద్ బస్టాండు వెనక సందులో మల్లేశ్‌కు టీవీలు బాగుచేసే దుకాణం ఉంది. ఇల్లు దాని పైనే. ఆ సందులోంచి రోజూ ప్రచారం ఆటోలు పోతుంటాయి. కొత్తగా బట్టల దుకాణం తెరిచినా, కంటి పరీక్షల క్యాంపు పెట్టినా ఊళ్లో మైకులోంచి వచ్చే గొంతు ఒక్కటే. అది సాల్మన్‌ది. ఆ గొంతు వినబడగానే పైన వంటింట్లో భార్య గిన్నెల చప్పుడు ఆగేది. ఆటో మూల తిరిగాక మళ్లీ మొదలయ్యేది.

కింద మల్లేశ్ చేతిలో పని పట్టుకుని ఆ నిశ్శబ్దాన్ని వినేవాడు. యాభై ఐదేళ్ల మనిషి, ఉద్యోగం చేస్తున్న కూతురున్న మనిషి, చీరల డిస్కౌంటు గురించి అరిచే ఆటోను చూసి లోపల ఉడికిపోతున్నానని ఎవరితో చెప్పుకుంటాడు?

ఈ కుళ్లు ఈనాటిది కాదు. మల్లేశ్ తన ఇరవయ్యో ఏట బీదర్ నుంచి పాత వీసీఆర్ ఒకటి తెచ్చాడు. దాన్ని, ఒక కలర్ టీవీని జీపులో వేసుకుని చుట్టుపక్కల ఊళ్లలో ఆటలు వేసేవాడు. తెలుగు సినిమాల క్యాసెట్లు అందరి దగ్గరా ఉండేవి. అందుకని అతను ఇంగ్లీషు సినిమాలు తెచ్చాడు. వాటిని జనానికి విప్పి చెప్పేందుకు ఒక మనిషి కావాలి గదా! పాస్టరు గారి కొడుకు సాల్మన్ మిషన్ స్కూల్లో చదివాడు. టీవీ పక్కన చేతికర్రతో నిలబడి, బొమ్మ కదులుతుంటే తెలుగులో కథ చెప్పుకుంటూ పోయేవాడు.

అన్నిటికంటే ఎక్కువ ఆడింది తోడేలు సినిమా. ఏదో దేశంలో కొండ ఊరికి వచ్చిన మనిషిని తోడేలు కరుస్తుంది. పున్నమి వచ్చినప్పుడల్లా ఆ మనిషికి గోళ్లు పెరిగి, వెన్ను వంగి, మొహం నిండా బొచ్చు మొలుస్తుంది. అతను కేక పెట్టినప్పుడు సాల్మన్ కూడా పెట్టేవాడు. ముందు వరసలోని పిల్లలు తల్లుల ఒళ్లోకి దూరిపోయేవాళ్లు.

వైర్లు లాగేది మల్లేశ్. స్పిరిట్ పెట్టి వీసీఆర్ హెడ్ తుడిచేది మల్లేశ్. కరెంటు పోతే బ్యాటరీ తగిలించేదీ మల్లేశే. ఆట నడిచినంతసేపూ అతను టీవీ వెనకే కూర్చునేవాడు. అక్కడినుంచి చూస్తే సినిమా కనబడదు, జనం మొహాలు కనబడతాయి. ఆ మొహాలన్నీ సాల్మన్ వైపే తిరిగి ఉండేవి. ఆట అయ్యాక చాయ్ ఇచ్చేదీ, ఇంటికి పిలిచి అన్నం పెట్టేదీ సాల్మన్‌కే. పక్కనున్నాడు గనక మల్లేశ్‌కు కూడా ఒక పళ్లెం వేసేవారు.

నాలుగేళ్లలో ఊరూరా కేబుల్ వచ్చింది. ఆటలు ఆగిపోయాయి. ఇద్దరూ ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. మల్లేశ్ దాదాపు మర్చిపోయాడు కూడా. తర్వాత రాయికోడ్ పిల్ల దేవమ్మతో పెళ్లయింది. పెళ్లయిన వారానికి, అతను వీడియో ఆటలు వేసేవాడని తెలిసి, దేవమ్మ కళ్లు పెద్దవి చేసింది.

"మా ఊరి గోదాముల తోడేలు సినిమా జెప్పింది నువ్వేనా?"

"చెప్పింది నేను గాదు, సాల్మన్. డబ్బ నాది."

"అట్లనా," అంది ఆమె.

ఆ ఒక్క మాట మల్లేశ్ గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. కూతురు వర్షిత పుట్టాక అన్నం తినిపిస్తూ దేవమ్మ చెప్పే కథ కూడా తోడేలు కథే. సాల్మన్ ఎక్కడ గొంతు తగ్గించేవాడో అక్కడే తగ్గించేది. ఎక్కడ ఆగేవాడో అక్కడే ఆగేది. తోడేలు పంజా ఎత్తి మీదికి దూకబోతుంటే ముసలి తల్లి ఎదురొచ్చి పిలుస్తుంది. కొడుకు ఆ గొంతు గుర్తుపట్టి నిలబడిపోతాడు. అక్కడికి వచ్చేసరికి దేవమ్మ కళ్లు తడిసేవి. పక్క గదిలో మల్లేశ్ రేడియో పెద్దగా పెట్టేవాడు.

మొన్న చలికాలంలో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఇంజనీరు ప్రసాదరావు గారు రిటైరై కాకినాడ వెళ్లిపోతూ ఒక డీవీడీ ప్లేయరు, అట్టపెట్టె నిండా డిస్కులు దుకాణంలో దింపిపోయారు. "ఇవన్నీ మోసుకెళ్లలేనండీ. మీరే ఉంచుకోండి, ఎప్పుడైనా చూడాలనిపిస్తే చూడండి," అన్నారు. పెట్టె సర్దుతుంటే మల్లేశ్ చేతికి ఆ డిస్కు తగిలింది. అట్ట మీద చంద్రుడు, చంద్రుడికి అడ్డంగా ఎత్తిన పంజా. అన్ని ఊళ్లలో ఆడించాడు గానీ ఆ సినిమాను అతను ముందు కూర్చుని ఒక్కసారి కూడా చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం డిస్కు పెట్టాడు. దేవమ్మ పచ్చి కందికాయలు ఒలుస్తూ కూర్చుంది. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను స్కూల్లో టీచరుగా చేస్తున్న వర్షిత చదివి చెబుతోంది. బొమ్మ అద్దంలా ఉంది. మల్లేశ్ చూపు మాత్రం సినిమా మీద లేదు, రాబోయే ఆ ఒక్క చోటి మీదే ఉంది.

అది రానే వచ్చింది. గోడ పక్కన తోడేలు పంజా ఎత్తింది. లాంతరు పట్టుకుని ముసలామె వచ్చింది. ఏదో అంది.

"ఏమన్నది బిడ్డా?"

వర్షిత నవ్వేసింది. "గేటు ఎవడు తీసిపెట్టిండు, మేక ఏడికి పోయిందంటుంది, బాపు."

ముసలామె తోడేలును చూసి లాంతరు పారేసి లోపలికి పరుగెత్తి తలుపు వేసుకుంది. తోడేలు ఆగలేదు, ఏడవలేదు. గోడ దూకి పోయింది.

"చూసినవా!" అని మల్లేశ్ తొడ చరిచాడు. "తల్లి లేదు, పాడు లేదు. మేక కోసమొచ్చిన ముసల్ది! ఇన్నేండ్లు వాడు చెప్పిన అబద్ధం పట్టుకొని ఏడ్సినవ్ నువ్వు."

దేవమ్మ లేచింది. ఒలిచిన గింజల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె వాదించి ఉంటే మల్లేశ్ మనసు చల్లబడేదేమో. ఆ మౌనం ఇంకా మండించింది. ఆమె ముందే సాల్మన్ చేత ఒప్పించాలనుకున్నాడు.

మర్నాడే చర్చి వెనక ఉన్న సాల్మన్ ఇంటికి వెళ్లాడు. సాల్మన్ ముసలివాడైపోయాడు. కట్టుడు పళ్లు, మందపాటి కళ్లద్దాలు. అది చూసి మల్లేశ్‌కు ముందు సంతోషం కలిగింది, ఆ వెంటనే సిగ్గేసింది. "వచ్చే ఐతారం మా ఇంట్ల తిను. మన పాత సినిమా దొరికింది," అన్నాడు. సాల్మన్ చిన్నపిల్లాడిలా పొంగిపోయాడు. "ఎన్నేండ్లాయె భై మనం కలిసి కూసొని," అని చేతులు పట్టుకున్నాడు.

ఆదివారం దేవమ్మ మటన్ వండింది. జొన్నరొట్టెలు కాల్చింది. కూతురు మొదటి జీతంతో తనకు కొన్న చీర కట్టుకుంది. అలమరలోంచి కొత్త పింగాణీ పళ్లేలు దిగాయి. మల్లేశ్ ఒక్కొక్కటీ చూశాడు. తనకు జ్వరం వచ్చి లేచిన రోజున కూడా ఆ పళ్లేలు దిగలేదు.

సాల్మన్ తిన్నాడు, బాగుందన్నాడు. దేవమ్మ ఇంకో రొట్టె వేసింది. చేతులు కడుక్కుని అందరూ టీవీ ముందు కూర్చున్నారు. మల్లేశ్ రిమోట్ చేతిలోనే పట్టుకున్నాడు. పంజా లేచింది, ముసలామె వచ్చింది. అక్కడ బటన్ నొక్కాడు. బొమ్మ ఆగిపోయింది.

"ఇగో, ఇప్పుడు చెప్పు సాల్మన్. ఎవరీమె?"

సాల్మన్ కళ్లద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూశాడు. "ఎవరో ముసలామె."

"తల్లి అని చెప్తివి గదా!"

మల్లేశ్ గొంతులోని వాడి సాల్మన్‌కు తగలలేదు. అతను తెర వైపే చూస్తున్నాడు. ఉన్నట్టుండి మోకాలి మీద కొట్టుకున్నాడు.

"అరె! గిట్లనే ఆగింది ఆ దినం సుత! రాయికోడ్ గోదాముల. మర్సినవా? టేపు నీ మిషిన్ల పట్టుకున్నది. నువ్వు ఎనకకెల్లి మూత ఇప్పి ఏందో కొడుతున్నవ్. బొమ్మ కదుల్తలేదు. తోడేలు చెయ్యెత్తి అట్లనే నిలవడ్డది. జనం లేస్తున్రు. ఏం జెయ్యాలె నేను? అది ఎందుకాగిందో చెప్పాలె గదా. తల్లి పిలిచిందన్న. అందరు మల్ల కూసున్నరు."

"మరి ఇంగ్లీషు?"

"నాకేడొచ్చు భై? ఆ క్యాసెట్ల మాటే సక్కగ ఇనరాకపోతుండె. నోటికొచ్చింది చెప్పిన. తర్వాత న్యాల్‌కల్ ఊర్ల బొమ్మ ఆగకున్నా తల్లిని తెచ్చిన. ఆడోళ్లు గదే అడుగుతుండిరి."

మల్లేశ్‌కు అన్నీ గుర్తొచ్చాయి. మధ్యాహ్నం ఎండ లోపలికి రాకుండా తలుపులకు కట్టిన గోనెపట్టాలు, దుమ్ములో తన మోకాళ్లు, పెన్సిలుతో రోలర్‌ను నొక్కుతూ చెమటలు కక్కిన ఆ అయిదు నిమిషాలు. జనం తిరగబడతారని భయపడ్డాడు. ఒక్కరూ కదల్లేదు. ఎందుకు కదల్లేదో చూసే తీరిక అతనికి లేకపోయింది.

వాడు ఒప్పుకున్నాడు. గెలిచానన్న ఉత్సాహంతో మల్లేశ్ భార్య వైపు తిరిగాడు. దేవమ్మ సాల్మన్‌నే చూస్తోంది.

"అన్నా, ఆ తల్లి ఏమన్నదని చెప్పినవో యాదికున్నదా?"

"లేదు చెల్లె."

"నాకున్నది. 'నీ పేరు నువ్వు మర్సినవ్ కొడ్కా, నేను మర్వలే' అన్నదని చెప్పినవ్."

ఆమె కొంగు సర్దుకుని, నెమ్మదిగా చెప్పింది.

"మా నాయిన ఈరయ్య మస్తు తాగుతుండె. తాగొచ్చి మా అమ్మను కొడుతుండె. ఆయన అడుగుల సప్పుడు ఇనబడితే మేము వడ్ల గుమ్ముల ఎనక దాసుకుంటుంటిమి. ఆ దినం గోదాముల అమ్మ నా పక్కనే కూసున్నది. నాలుగొద్దులకు నాయిన మల్ల తాగొచ్చి కట్టె ఎత్తిండు. అమ్మ ఉర్కలే. ఎదురుంగ నిలవడి, మా నాయినమ్మ పిలిచే పేరు పెట్టి పిలిచింది. 'ఈరిగా' అన్నది. నాయిన చెయ్యి అట్లనే ఆగింది. కట్టె కింద వడేసి గడప మీద కూసున్నడు."

"తాగుడు మానిండా?" అన్నాడు సాల్మన్ మెల్లగా.

"యాడ మానిండన్నా. మల్ల తాగిండు, మల్ల కొట్టిండు. కని ఆ దినం ఆగిండు. మా అమ్మ సచ్చేదాక ఆ దినం ముచ్చటే చెప్పింది."

సాల్మన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను ఉత్తగనే అల్లి చెప్పిన చెల్లె," అన్నాడు చివరికి. "అది మా అమ్మకు తెల్వదు గదన్నా," అంది దేవమ్మ. అతను లేచి, మల్లేశ్ భుజం తట్టి, మెట్లు దిగి వెళ్లాడు. వర్షిత ఆయన్ని స్కూటీ మీద దింపడానికి వెంట వెళ్లింది.

తెర మీద తోడేలు ఇంకా పంజా ఎత్తుకునే ఉంది. మల్లేశ్ టీవీ ఆపేశాడు. వాడి అబద్ధం బయటపడింది. బొమ్మ ఆగింది తన మిషన్ వల్లనే అని కూడా తేలింది. అయినా లోపల మంట తగ్గలేదు, పెరిగింది. అతనికి తెలిసిన మామ సంక్రాంతికీ దసరాకూ బస్సు దిగి, చొక్కా జేబులోంచి మనవరాలికి పిప్పరమెంట్లు తీసిచ్చే మెత్తటి ముసలాయన. ఆ మనిషి గురించి ఇరవై ఏడేళ్లుగా తనకు చెప్పని సంగతిని, ఆమె సాల్మన్ ముందు, అతను అడగకుండానే చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

దేవమ్మ పళ్లేలు తీస్తూ ఆగింది. "చెప్తే మా నాయిన నీ ముంగట తలకాయెట్ల ఎత్తుతుండె? ఆయన పోయినంక చెప్దామనుకున్న. కని తోడేలు సినిమా అంటెనే నువ్వు మొకం మాడ్సుకుంటివి. ఆ కథ అంటె నీకెందుకింత పానమే అని ఒక్కసారన్న అడిగినవా?"

అడగలేదు. అడిగితే సాల్మన్ పేరు వస్తుందని భయపడ్డాడు. ఆ మాట పైకి అనడానికి అతనికి చాలాసేపు పట్టింది. అన్నాక ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"నేను ఆయన గొంతు ఇంటె మా అమ్మ యాదికొస్తదయ్యా," అంది. "సాల్మన్ ఎవరు నాకు?"

మల్లేశ్ ఆమె చేతిలోంచి పళ్లేలు తీసుకున్నాడు. ఇద్దరూ వంటింట్లో నిలబడి వాటిని కడిగారు. మీ అమ్మ ఏ పక్కన నిలబడింది, మీ తమ్ముడు అప్పుడెంత ఉండె, తర్వాత మీ నాయిన ఏమన్నాడు అని అతను ఒక్కొక్కటీ అడిగాడు. ఆమె ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. కొన్ని చెబుతూ మధ్యలో ఆపేసింది. అతను తొందరపెట్టలేదు.

సాల్మన్ ఇప్పుడు నెలకోసారి దుకాణానికి వస్తున్నాడు. మల్లేశ్ స్టూలు వేసి చాయ్ తెప్పిస్తాడు. మనసు పూర్తిగా కడుక్కున్నాడని చెప్పలేం. దేవమ్మ పైనుంచి "మంచిగున్నవా అన్నా" అని పలకరిస్తే ఇప్పటికీ ఎక్కడో చురుక్కుమంటుంది. సాల్మన్ అటు వెళ్లగానే మల్లేశ్ ఏదో ఒక వంక పెట్టుకుని మెట్లెక్కి పైకి పోతాడు. పోయి, రాయికోడ్ గురించి ఏదో ఒకటి అడుగుతాడు.