మన ఉలులు

నంద్యాల నుంచి రోజూ బస్సులో ఆళ్లగడ్డ వచ్చి ఎనిమిదో తరగతికి సోషల్ చెబుతాను. నాకు నోరు కొంచెం ఎక్కువ. ఆ నోటి వల్లే సైదా సాహెబ్ కొలిమి చల్లబడింది కాబట్టి, ఆయన గురించి నేనే చెప్పాలి.

విగ్రహాలు చెక్కే షెడ్లవాళ్లు మొద్దుబారిన ఉలులను సంచుల్లో ఆయన దగ్గరికి పంపేవాళ్లు. నలభై ఏళ్లుగా ఆయన వాటిని ఎర్రగా కాల్చి, కొస సాగగొట్టి, నీళ్లలో ముంచి పదును పెడుతున్నాడు. చదువు రాదు. ఎప్పుడు ముంచాలో కొస రంగు చూసి చెప్పేస్తాడు. మనవరాలు షమీమ్ నా క్లాసే. ఇద్దరికీ ఆ కొలిమే కూడు.

ఈమధ్య, చరిత్రలో మనుషులు ఒకరినొకరు ఎలా దూరం పెట్టారో చెప్పే పాఠం వచ్చింది. పుస్తకం చదివితే ఆవులిస్తారని పిల్లల్ని కొలిమికి తీసుకుపోయాను.

"తాతా, నీ ఉలితోనే దేవున్ని చెక్కుతారా?" అంది భానుప్రియ.

"ఇంక దేంతో చెక్కుతార్మా? ముక్కు సన్నంగా రావాలంటే నా దగ్గరికే రావల్ల," అని నవ్వాడు.

ఆయన ఫోటో బడి వాట్సాప్ గ్రూపులో పెట్టి, 'మన దేవుళ్లు, మన ఉలులు' అని రాశాను. ఎంత మురిసిపోయానో!

అది గ్రూపులో ఆగలేదు. మూడో రోజు ఎవరో ఇద్దరు బండి మీదొచ్చి, పలకరింపు కూడా లేకుండా కొలిమిని వీడియో తీసుకుని పోయారు. ఆ వారం సంచులు తగ్గాయి. పై వారం ఒక్కటీ రాలేదు.

ఎదురు షెడ్డు రామలింగయ్యను నిలదీశాను.

"మాకు తెలీకనా టీచరమ్మా? నువ్వు పైకి చెప్తివి. ఇప్పుడు కొనేటోళ్లు ఉలి ఎవురిదని అడుగుతాండారు. నేనేం చెప్పల్ల?" అన్నాడు తల దించుకుని.

పిరికివాడివి అనబోయాను. భయపడి ఆ ఫోటో అప్పటికే తీసేసినదాన్ని, ఏ ముఖంతో అనగలను?

ఈ ఉదయం క్షమించమని అడగడానికి వెళ్లాను. రామలింగయ్య షెడ్డుకు కొత్త బోర్డు వేలాడుతోంది. దాని కింద ఆ బండివాళ్లిద్దరూ నిలబడి కొలిమి వైపే చూస్తున్నారు. సైదా సాహెబ్ కొలిమి దగ్గర్నుంచి బయటికొచ్చి, "ఏం రాసినార్మా?" అని వెనకే వచ్చిన షమీమ్‌ను అడిగాడు.

ఆ పిల్ల ఒకసారి నన్ను చూసి, మెల్లగా చదివింది. "ఇచ్చట మన ఉలులతో మాత్రమే విగ్రహాలు చెక్కబడును."

ఆయన ముఖం వెలిగిపోయింది.

"మన ఉలులా! చూస్తివా టీచరమ్మా, నువ్వు చెప్పిన మాటే రాసినారు. ఇంక సంచులొస్తాయిలే."

షమీమ్ తల తిప్పి ఆ బండివాళ్ల వైపు చూసింది. నా నోరు పెగల్లేదు. ఆయన గబగబా లోపలికి పోయి, బొగ్గులు పోసి నిప్పు రాజేశాడు.